రీలు కెమెరా కోసం పోయిన మనిషి

ఆ రోజు కండక్టరు ఐలయ్యకు డ్యూటీ లేదు. అయినా ఏళ్ళ తరబడి బస్సులో నిలబడిన ఒళ్ళు ఊరుకోదు. తెల్లవారుతుండగానే లేచి స్నానం చేసి, డిపోకు పోవలసినవాడిలాగే తల దువ్వుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల అతని భార్య మరియమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది. ఒక్కగానొక్క కూతురు దీవెన అద్దం ముందు జడ వేసుకుంటోంది. కాసేపట్లో ఆమె సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గరి ఫొటో స్టూడియోలో పనికి పోవాలి.

గూట్లో చార్జింగ్ పెట్టిన దీవెన ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎవరే పొద్దుపొద్దున?" అంది మరియమ్మ.

"ఎవరో లేమ్మా. ఎత్తకు."

ఎత్తకు అన్న మాట వాకిట్లో ఐలయ్య చెవిన పడింది. ఆ మాటలో ఏదో తొందర ఉంది. అతను లేచి లోపలికి వచ్చేసరికి ఫోను మళ్ళీ మోగుతోంది. దీవెన జడ వదిలేసి వచ్చేలోపే ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"ఏం దీవెనా, అలిగినవా?" అంది అవతల ఒక మగ గొంతు. చాలా చనువుగా, మెల్లగా ఉంది ఆ గొంతు. "ఒక్కసారి వచ్చి సూస్కోరాదు. అది నీ కోసమే పక్కకు పెట్టిన."

ఐలయ్య మాట్లాడలేదు. అవతలి మనిషి కూడా ఆగిపోయాడు. కాసేపు అతని ఊపిరి ఒక్కటే వినిపించింది. తర్వాత ఫోను పెట్టేశాడు.

"ఎవడు వాడు?"

"కెమెరా అమ్ముతా అన్నోడు నాన్నా. రీలు కెమెరా, పాతది. పేరు వేణు అని చెప్పిండు. నిజం పేరో కాదో తెల్వదు."

"కెమెరా అమ్మేటోడు అలిగినవా అని అడుగుతడా?"

దీవెన గోడకు ఆనుకుని నిలబడి మొదటి నుంచి చెప్పింది. స్టూడియోలో ఆమె పని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేయడం. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నల్లటి పెళ్ళికూతుళ్ళను తెల్లగా చేయాలి, పుట్టుమచ్చలు తుడిచేయాలి. చేసీ చేసీ ఆమెకు విసుగు పుట్టింది. స్టూడియో నడిపే ఊర్మిళ ఒకసారి తన పాత రీలు కెమెరా ఇచ్చి నేర్పింది. అందులో పడిన మొహం పడినట్టే వస్తుంది. అలాంటిది తనకంటూ ఒకటి ఉండాలనుకుంది. పాత సామాన్లు అమ్మే యాప్‌లో వెతికితే మిర్యాలగూడ మనిషి అని ఇతను దొరికాడు.

"నేను ఊకె నమ్మలే నాన్నా. వెనక మూత తీసి చూపియ్యమన్న, షట్టరు కొట్టి వీడియో పెట్టమన్న. లెన్సులో బూజు ఉన్నదో లేదో లైటుకు పట్టి చూపియ్యమన్న. ఒక్కటి పెట్టలే. పెట్టిన ఫొటోలేమో వేరే ఊరోళ్ళ ప్రకటనల నించి తీసుకున్నయి. పగటిపూట మిర్యాలగూడ బస్టాండుకు తెమ్మన్న. ముందు సరే అన్నడు. తర్వాత కోదాడ బైపాస్ అన్నడు. ఆ తర్వాత నేరేడుచర్ల దాటినంక కాలువ పక్కన మూసిపోయిన రైసు మిల్లు ఉంది, గాడికి ఒక్కదానివే రా అన్నడు. మ్యాపు కూడా పంపిండు. నేను రాను, నాకు వద్దని చెప్పిన. అప్పటి సంది గిట్ల ఫోన్లు చేస్తుండు."

ఐలయ్య అంతా విన్నాడు. కానీ అతని చెవిలో ఇంకా ఆ గొంతే ఉంది.

"ఇన్ని దినాలు ఒక మొగోనితోని మాట్లాడినవ్. మాకు చెప్పాలనిపియ్యలేదా?"

"చెప్తే వద్దంటవని చెప్పలే."

"వద్దనే అంటా. ఐతారం నాడు కోదాడోళ్ళు నిన్ను చూడనీకి వస్తున్నరు. గీ టైములో ఎవడో ఫోన్ చేసి పేరు పెట్టి పిలుస్తడు. కెమెరా అంటే నేను నమ్మాల్నా? బస్సుల రోజూ వందల మందిని చూస్త. ఎక్కేటప్పుడు మొఖం చూస్తేనే తెలుస్తది, ఎవడు టికెట్ ఎగ్గొడ్తడో, ఎవడు జేబు కొడ్తడో."

"అయితే నా మొఖం చూసి చెప్పు నాన్నా. అబద్ధమాడుతున్ననా?"

ఐలయ్య చూడలేదు. ఫోను గూట్లో పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మరియమ్మ పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. దీవెన తినకుండానే స్టూడియోకు వెళ్ళింది. రాత్రి వచ్చాక కూడా తండ్రీ కూతుళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

మర్నాడు దీవెన వెళ్ళిపోయిన తర్వాత ఐలయ్య బీరువా తెరిచాడు. డిపో నుంచి పిలుపు వచ్చిందని, ఎవరో లీవు పెడితే తనను రమ్మన్నారని భార్యతో చెప్పాడు. ఖాకీ చొక్కా మాత్రం వేసుకోలేదు. మరియమ్మకు అది తర్వాత గుర్తొచ్చింది.

"బిడ్డ తిన్నదా?" అని గుమ్మం దగ్గర ఆగి అడిగాడు.

"సగం రొట్టె తిన్నది. నువ్వు ఒక్క మాట మంచిగ మాట్లాడితే కడుపు నిండా తింటుండె."

అతను మోటారు సైకిల్ ఎక్కాడు.

మధ్యాహ్నం స్టూడియోలో దీవెన ఎవరి పెళ్ళి ఫొటోనో సరిచేస్తుండగా ఫోనులో మెసేజ్ వచ్చింది. వేణు అని చెప్పినవాడి నంబరు అది.

"మీ నాన్న మంచోడు. ఫోన్ల నీ లెక్క ప్రశ్నలు అడగలే."

ఆమె ఆ రెండు ముక్కలూ చదివింది. అర్థం కాలేదు. మళ్ళీ చదివేసరికి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నిన్న పొద్దున ఫోను తండ్రి చేతిలో ఉంది. ఒక్కసారి చూసిన నంబరు ఆయన మరిచిపోడు.

వెంటనే ఐలయ్యకు ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. రెండోసారి చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. తల్లికి చేసింది.

"డ్యూటీకి పోయిండు కదనే," అంది మరియమ్మ.

డిపోకు చేస్తే, ఐలయ్యను ఈ రోజు ఎవరూ రమ్మనలేదని చెప్పారు. మళ్ళీ తల్లికి చేసి బీరువా చూడమంది. అవతల తాళాల చప్పుడు, తర్వాత బట్టలు కదుపుతున్న చప్పుడు వినిపించాయి.

"పైసలు లేవే," అంది మరియమ్మ చివరికి. "ఏడికి పోయిండే మీ నాన్న?"

దీవెన ముందు పోలీసుల వంద నంబరుకు ఫోను చేసింది. మొత్తం వరసగా చెప్పింది. వాళ్ళు నేరేడుచర్ల స్టేషను నంబరు ఇస్తే, వేణు పంపిన మ్యాపును, అతని మాటలన్నిటినీ వాళ్ళకు పంపింది. మొదటిసారి అనుమానం వచ్చినప్పటి నుంచే అన్నిటినీ ఫొటోలు తీసి దాచుకుంటూ వచ్చింది. ఊర్మిళ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా స్టూడియో షట్టరు దించి కారు తీసింది. దారిలో మరియమ్మను ఎక్కించుకున్నారు.

కోతలు నడుస్తున్న రోజులు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. కారు జోరుగా పోవడానికి లేదు. రాళ్ళు అడ్డం పెట్టిన చోటల్లా ఆగి, ఎదురుగా వచ్చే ట్రాక్టరు పోయేదాకా ఆగి, మళ్ళీ కదలాలి. వెనక సీట్లో మరియమ్మ కళ్ళు మూసుకుని, "యేసయ్యా, ఆ మనిషిని కాపాడు" అని అదే మాట అనుకుంటోంది. దీవెన ఒళ్ళో ఫోను పెట్టుకుని చూస్తోంది.

చూస్తుండగానే తెర మీద మాటలు మాయమవడం మొదలైంది. వేణు పంపిన మెసేజ్‌లు పైనుంచి ఒక్కొక్కటిగా చెరిగిపోతున్నాయి. ఎవరో ఎక్కడో తీరిగ్గా కూర్చుని వేలితో తుడిచేస్తున్నట్టుంది. మ్యాపు పోయింది. కెమెరా ఫొటోలు పోయాయి. మీ నాన్న మంచోడు అన్న మాట చివరికి పోయింది. ఆ తర్వాత అతని బొమ్మ ఉండే చోటు ఖాళీగా మిగిలింది.

"అక్కా, కొంచెం తొందరగా," అంది దీవెన.

ఊర్మిళ ఆమె వైపు చూసింది. హారన్ మీద చెయ్యి వేసింది.

నేరేడుచర్ల దాటాక కాలువ గట్టు వెంట మట్టిదారి. మిల్లు కనిపించేసరికి పోలీసు జీపు అప్పటికే అక్కడ ఉంది. రేకులు ఊడిపోయిన గోడౌను, తుప్పు పట్టిన గేటు. గేటు పక్కన ఐలయ్య చెప్పులు పడి ఉన్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు. మరియమ్మ వాటిని చూసి అక్కడే కూలబడింది. లోపల వెతికిన కానిస్టేబుళ్ళు ఎవరూ లేరని బయటికి వచ్చారు.

కాలువ నిండుగా పారుతోంది. దీవెన ఆ నీళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే గట్టెక్కి చూసింది.

గట్టు దిగువన, తుమ్మ చెట్ల మొదట్లో తెల్ల చొక్కా కనిపించింది. ఆమె కంటే ముందు ఒక కానిస్టేబుల్ పరుగెత్తాడు. అడుగుల చప్పుడు వినగానే ఆ మనిషి ముడుచుకుపోయి, ఎడమ చెయ్యి తలకు అడ్డం పెట్టుకున్నాడు. కుడి చెయ్యి లేవడం లేదు.

"కొట్టకున్రి సారూ," అన్నాడు ఐలయ్య. "నా దగ్గర ఇంకేం లేదు."

తండ్రి గొంతు అలా ఉండగలదని దీవెనకు అంతవరకూ తెలియదు. ఆమె పక్కన కూర్చుని, "నాన్నా, నేను," అంది. ఆయన నమ్మనట్టు చూశాడు. చెవి వెనక నుంచి కారిన నెత్తురు కాలరు మీద ఎండిపోయింది.

మిర్యాలగూడ దవాఖానలో తలకు కుట్లు వేసి, విరిగిన చేతికి కట్టు కట్టారు. పొద్దు వాలుతుండగా ఐలయ్య కాస్త తేరుకున్నాడు. మరియమ్మ అతని పాదాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. దీవెన మంచం పక్కన నిలబడింది.

"నేరేడుచర్ల చౌరస్తాకు వచ్చిండు," అన్నాడు ఐలయ్య, పైకప్పు చూస్తూ. "పెద్దనాయినా అని పిలిచిండు. సదువుకున్న పిల్లగాని లెక్క ఉన్నడు. మొఖం చూసి మంచోడే అనుకున్న. కెమెరా తమ్ముని దగ్గర ఉంది, రా అని ముందు బండి మీద పోయిండు. ఆడ ఇంకిద్దరు ఉన్నరు. ముందు వెనక మూత తీసి చూపియ్యున్రి, మా బిడ్డ అట్లనే చూడాలంటది అన్న. నవ్విన్రు. ఆడ కెమెరానే లేదు."

అతను ఆగాడు. మిగతాది చెప్పనక్కరలేదు. డబ్బు, ఫోను, వేలి ఉంగరం, బండి, అన్నీ పోయాయి.

"ఎందుకు పోయినవ్ నాన్నా?" అంది దీవెన. "మోసమని నేను చెప్పిన కదా. చెప్పినాక కూడా ఎందుకు పోయినవ్?"

పక్క మంచం రోగికి ఎవరో టిఫిను డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినిపించింది.

"నువ్వు అబద్ధమాడుతున్నవేమో సూద్దామని పోయిన బిడ్డా."

మరియమ్మ తలెత్తి భర్త వైపు చూసింది.

"కెమెరా నిజంగ ఉంటే కొని తెచ్చి నీ చేతిల పెడ్దామనుకున్న. లేకపోతే వాడెవడో, నీకు ఏమైతడో సూసి వద్దామనుకున్న. రెండూ మనసుల ఉన్నయి. ఏది ముందు ఉండెనో నాకే తెల్వదు."

దీవెన వరండాలోకి వెళ్ళిపోయింది. అక్కడ గోడకు ఆనుకుని నిలబడింది. కోపంగా ఉంది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. లోపల పడుకున్న మనిషి మీద పెట్టుకుందామంటే గట్టు కింద చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆకారమే కళ్ళ ముందుకు వస్తోంది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎస్సై వచ్చి కూర్చుని ఉన్నాడు. నెమ్మదైన మనిషి.

"ఫిర్యాదు రాసుకోవాలె," అన్నాడు. "అమ్మాయి పేరు ఎందుకులే అనుకుంటున్న. పెండ్లి కావలసిన పిల్ల, ఎవరితోనో ఫోన్ల మాట్లాడిందని పదిమంది నోట్ల పడతది. పెద్దాయన సొంతంగ కెమెరా కొననీకి పోయిండని రాస్తే సరిపోతదా?"

"అట్లనే రాయున్రి సారూ," అంది మరియమ్మ వెంటనే. "ఐతారం సంబంధమోళ్ళు వచ్చేది ఉంది."

"వద్దు," అన్నాడు ఐలయ్య.

లేవబోయి, నొప్పికి పళ్ళు బిగించి, మళ్ళీ దిండు మీద వాలాడు.

"వద్దు సారూ. దొంగలని కనిపెట్టింది నా బిడ్డ. పోకుండ ఆగింది నా బిడ్డ. అన్నీ దాచి మీకు పంపింది నా బిడ్డ. ఆమె పంపకపోతే నేను ఆ గట్టు కిందనే ఉంటుంటి. ఆమె మాట నమ్మక పోయి తన్నులు తిన్నది నేను. ఉన్నది ఉన్నట్టు రాయున్రి. ముందు ఆమె పేరే రాయున్రి."

"సంబంధం పోతదేమోనయ్యా," అంది మరియమ్మ, గొంతు తగ్గించి.

"పోతే పోనియ్యి. ఆమె తప్పేం చేసిందని దాచాలె?"

పొద్దటి నుంచి దీవెన ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. మంచం అంచున కూర్చుని, తండ్రి బాగున్న చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఐలయ్య ఆ చేతితో ఆమె తల నిమరాలని చూశాడు. ఆమె వదిలిపెట్టలేదు. ఎస్సై కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ ఆదివారం కోదాడ వాళ్ళు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికి ఫోను కూడా చేయలేదు. మిల్లు దగ్గర ఉన్నవాళ్ళలో ఇద్దరిని పోలీసులు పట్టుకున్నారు. బండి హుజూర్‌నగర్‌లో దొరికింది. పెద్దనాయినా అని పిలిచినవాడు, ఆ మెత్తటి గొంతువాడు మాత్రం దొరకలేదు. కొత్త నంబరు నుంచి ఎప్పుడు ఫోను మోగినా ఆ ఇంట్లో ముగ్గురూ ఒక్క క్షణం మాట ఆపేసేవారు.

చెయ్యి అతుక్కున్నాక ఐలయ్య డ్యూటీకి వెళ్ళాడు. కానీ బస్సులో ఎవరైనా పైకడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఎత్తితే చాలు, అతని తల దానంతటదే పక్కకు వంగేది. టికెట్ ఇస్తూ మనుషుల మొహాలు చూడటం మానేశాడు. కొన్నాళ్ళకు అడిగి డిపోలోనే కూర్చునే పని వేయించుకున్నాడు. ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టి, పెట్టానో లేదో అని మళ్ళీ లేచి చూసేవాడు.

ఒక రోజు ఊర్మిళ ద్వారా దీవెనకు కోదాడలో కరుణ అనే రిటైరైన డ్రాయింగ్ టీచరు సంగతి తెలిసింది. బడిపిల్లల విహారయాత్రల్లో ఆమె ఫొటోలు తీసిన రీలు కెమెరా ఒకటి ఉందట. దీవెన అడిగిన వీడియోలన్నీ ఆమె విసుక్కోకుండా పంపింది. పగటిపూట కోదాడ బస్టాండు పక్కన హోటల్లో కలుద్దామంటే సరేనంది.

"నాన్నా, నాతోని వస్తవా?" అని అడిగింది దీవెన. "ఒక్కదాన్నే పోవద్దని నేనే నియమం పెట్టుకున్న."

ఐలయ్య చాలాసేపు ఆలోచించి చొక్కా వేసుకున్నాడు.

హోటలు గుమ్మం దగ్గరకు వచ్చాక అతని అడుగు పడలేదు.

"లోపల ఎంతమంది ఉన్నరు?"

"మామూలు గిరాకే నాన్నా. నిన్న అమ్మ, నేను వచ్చి చూసి పోయినం. టీచరమ్మతోని మాట్లాడినం కూడా, కెమెరా నువ్వొచ్చినంక చూస్తనన్న. అట్ల చూసినంకనే నిన్ను తోలుకొచ్చిన."

లోపల నుంచి తెల్లజుట్టు ఆవిడ చెయ్యి ఊపింది. "రండమ్మా. ఎండలో నిలబడిపోయారేంటండీ, లోపలికి రండి."

ఐలయ్య వెళ్ళి తలుపు కనిపించేలా కూర్చున్నాడు. దీవెన కెమెరా చేతిలోకి తీసుకుంది. వెనక మూత తీసి లోపలి నల్లటి పరదాను చూసింది. షట్టరు కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. లెన్సును కిటికీ వెలుతురుకు పట్టి, సెల్ వేసే చోట తుప్పు ఉందేమోనని గోటితో గీకింది. "తొందర లేదమ్మా, తీరిగ్గా చూసుకో," అంటూ టీచరు టీ చెప్పింది.

తలుపులో నుంచి ఎవరు లోపలికి వచ్చినా ఐలయ్య ఉలిక్కిపడుతున్నాడు. ముందున్న టీ గ్లాసు ముట్టుకోలేదు. దీవెన అది గమనించింది. కెమెరా పక్కన పెట్టి లేచింది.

"లే నాన్నా. నువ్వు ఇటు కూసో. తలుపు దిక్కు నేను సూస్త."

ఐలయ్య కూతురు చెప్పినట్టే లేచి, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఆ రోజు తర్వాత అదే మొదలు. వెనక కుర్చీల చప్పుడు, అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. అతను తిరిగి చూడలేదు. తల వంచుకుని, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, టీ మొత్తం తాగాడు. ఎదురుగా దీవెన ఒక కన్ను తలుపు మీద పెట్టి, కెమెరా మూత మళ్ళీ తెరిచింది.